భాగం – 7: తల, మెడ భాగాల్లో అరుదైన వాపు – కిమురా వ్యాధి నిర్ధారణ, చికిత్స

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు, చెవి కిందో దవడ కిందో నొప్పి లేకుండా నెలల తరబడి పెరిగే వాపును చూసినప్పుడు ఏయే ప్రశ్నలు అడగాలో, పరీక్షలు ఏ వరసలో జరగాలో చెప్పగలుగుతారు. రక్త నివేదికలో ఉన్న ఇయోసినోఫిల్ శాతాన్ని అసలు సంఖ్యగా మార్చగలుగుతారు. బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వకూడదో, మెడలో గడ్డ ఉన్న మనిషికి మూత్రపరీక్ష ఎందుకు చేయాలో వివరించగలుగుతారు.

కిమురా వ్యాధి అరుదైనది. మీ ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్క రోగి కూడా మీకు తారసపడకపోవచ్చు. అయినా ఈ పాఠాన్ని చేర్చడానికి కారణం ఉంది. ఆ వ్యాధిని గుర్తించే దారి మీరు తరచుగా చూసే క్షయ, పురుగులు, పంటి చీము, లింఫోమాల మీదుగానే పోతుంది. ఆ దారిలో తప్పటడుగు ఎక్కడ పడుతుందో తెలిస్తే అరుదైన వ్యాధి ఉన్నవారికే కాదు, మామూలు వ్యాధి ఉన్నవారికి కూడా మేలు జరుగుతుంది.

7.1 పరిచయం: బేతంచెర్ల నుంచి ఒక ఉదాహరణ

బోధన కోసం ఒక రోగిని ఊహించుకొందాం. బేతంచెర్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలో ఉండేది. డోన్ నుంచి నంద్యాలకు పోయే రైలుమార్గంలో వస్తుంది. ఇళ్లలో పరిచే బండలకు పేరుపడ్డ ఊరు. గనుల్లో బండ తీసేవాళ్లు, కోత మిషన్ల దగ్గర, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు.

మన ఊహలోని రోగి వయసు 26. పాలిష్ మిషన్ దగ్గర పని. ఎడమ చెవి కింద నిమ్మకాయంత వాపు. మొదలై రెండేళ్లు దాటింది. "నొప్పేం ల్యాదు సార్, అద్దంలో చూసుకుంటేనే బాధ" అంటాడు. పక్కన వచ్చిన తల్లి అసలు సంగతి చెబుతుంది: రెండు పెళ్లి సంబంధాలు ఆ వాపును చూసే వెనక్కి పోయాయి. పిల్లవాడికి క్యాన్సరనీ, అంటురోగమనీ వీధిలో మాట పుట్టింది.

ఈ రెండేళ్లలో ఏం జరిగింది? మొదట ఒకచోట సూది వేయించుకున్నాడు. వారంలో వాపు సగానికి తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది. మళ్లీ సూది, మళ్లీ అదే కథ. తరవాత ఎవరో "ఇది గండమాల" అని ఆకు పసరు పట్టు వేశారు. చర్మం పొక్కింది, వాపు తగ్గలేదు. మూడో చోట "మెడలో బిళ్ళంటే టీబీయే, ఆరు నెలల కోర్సు మొదలుపెడదాం" అన్నారు. ఏ ముక్కా తీయలేదు, ఏ పరీక్షా చేయలేదు. ఇప్పుడు అతడు మీ ముందు కూర్చున్నాడు.

ఈ ముగ్గురిలో ఎవరూ అతడికి చెడు చేయాలనుకోలేదు. కాని ముగ్గురూ వాపు పేరు తెలుసుకోకముందే మందు వేశారు. ఈ పాఠం అంతా ఆ వరసను సరిచేయడం గురించే.

7.2 బిళ్ళ, గ్రంథి, గడ్డ

మన ఊళ్లలో "బిళ్ళ కట్టింది" అన్న మాటను రెండు వేరువేరు అవయవాలకు వాడతారు. కాలికి పుండు పడితే గజ్జల్లో కట్టే బిళ్ళ శోషరస కణుపు. పిల్లలకు చెంపలు ఉబ్బే గవదబిళ్ళల్లో వాచేది శోషరస కణుపు కాదు, చెవి ముందు ఉండే పెరోటిడ్ లాలాజల గ్రంథి. దవడ ఎముక కింద అధోజంభికా లాలాజల గ్రంథి, దాని చుట్టూ శోషరస కణుపులు ఒకే చోట ఇరుక్కొని ఉంటాయి. పెరోటిడ్ గ్రంథి లోపల కూడా కొన్ని కణుపులు ఉంటాయి. అందువల్ల వేలితో తడిమి "ఇది కణుపు, ఇది గ్రంథి" అని తేల్చడం అనుభవం ఉన్న వైద్యులకే కష్టం. కిమురా వ్యాధి సరిగ్గా ఈ ఇరుకు చోటునే ఎంచుకొంటుంది: చర్మం కింది కణజాలంలో, లాలాజల గ్రంథుల్లో, వాటి పక్కనున్న కణుపుల్లో కలిసికట్టుగా వాపు తెస్తుంది.

7.3 అడగవలసినవి, తడిమి చూడవలసినవి

వాపు ఎప్పుడు మొదలైందన్నది మొదటి ప్రశ్న. రెండు మూడు రోజుల్లో పెరిగి, ఎర్రబడి, ముట్టుకొంటే వేడిగా ఉండి, నోరు తెరవలేకపోతుంటే ముందుగా పంటిని చూడండి. దవడ కింద చీముకు పుచ్చిన దంతమే తరచూ మూలం. అలాంటి వాపు నాలుక కిందికి, గొంతువైపు పాకుతుంటే ఇక ప్రశ్నలు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి; ఊపిరి ఆడే దారి మూసుకుపోవచ్చు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండేది వారాలు, నెలలుగా ఉన్న వాపు విషయంలోనే.

అలాంటి వాపు ఉన్నవారిని సాయంకాలం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, దగ్గు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం గురించి అడగండి. పని గురించి కూడా అడగండి. సిలికా ఉన్న రాతి దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది, సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం పెరుగుతుంది. బేతంచెర్ల బండ సున్నపురాయి జాతిది. దానిలో సున్నం పాలు ఎక్కువ. అయినా ఒకే మనిషి ఒక ఏడు సున్నపురాతి గనిలో, మరో ఏడు గ్రానైట్ కోతలో పనిచేసి ఉండవచ్చు. కాబట్టి "బండల పని" అన్న ఒక్క మాట రాసుకొని ఊరుకోకుండా ఏ రాయి, ఎన్నేళ్లు, నీళ్లు పోసి కోసేవారా పొడిగా కోసేవారా అని రాసుకోండి.

ఇంకో రెండు ప్రశ్నలు చాలామంది మరచిపోతారు. ఒంటి మీద దురద ఉందా? ఉబ్బసం, తుమ్ములు, చర్మం మీద దద్దుర్లు ఉన్నాయా? కిమురా వ్యాధి ఉన్నవారిలో కొందరికి ఈ అలర్జీ లక్షణాలు తోడుగా ఉంటాయి. చివరి ప్రశ్న మన ఉదాహరణలో కీలకమైనది: ఇంతవరకు ఏ సూదులు, ఏ మాత్రలు వాడారు? చీటీ ఉంటే చూడండి. చీటీ లేకపోతే ఖాళీ సీసా, మాత్రల అట్ట తెమ్మనండి. "సూది వేస్తే వారంలో తగ్గి, ఆపితే మళ్లీ వచ్చింది" అంటే అందులో స్టెరాయిడ్ ఉండి ఉండవచ్చునని అనుమానించాలి.

తడిమేటప్పుడు వేళ్లకు తెలిసే తేడాలు కొన్ని ఉన్నాయి. క్షయ కణుపులు ఒకదానికొకటి అతుక్కొని గుత్తిలా ఉంటాయి. కొన్నాళ్లకు మెత్తబడి, పగిలి, మానకుండా కారుతుంటాయి. పాతకాలంలో గండమాల అని పిలిచింది ఎక్కువగా దీన్నే. లింఫోమా కణుపు రబ్బరులా ఉంటుంది. నోటి క్యాన్సర్ నుంచి పాకిన కణుపు రాయిలా గట్టిగా, కదలకుండా ఉంటుంది. గుట్కా, ఖైనీ, పొగాకు అలవాటు ఉన్నవారిలో నోరు తెరిపించి టార్చి వేసి చూడకుండా మెడను చూడటం పూర్తయినట్టు కాదు. కిమురా వాపు చర్మం కింద లోతుగా, అంచులు స్పష్టంగా తెలియకుండా ఉంటుంది. నొప్పి ఉండదు, పైచర్మం సాధారణంగా మామూలుగానే ఉంటుంది. ఒక పక్కే రావచ్చు, రెండు పక్కలా రావచ్చు. అయితే ఈ తేడాలన్నీ అనుమానానికి దారి చూపేవే. వేళ్లు రోగనిర్ధారణ చేయవు.

7.4 కిమురా వ్యాధి – పేరు, స్వభావం

1937లో చైనాలో కిమ్, సెటో అనే ఇద్దరు వైద్యులు ఇలాంటి వాపు ఉన్న ఏడుగురు రోగుల వివరాలు ప్రచురించారు. 1948లో జపాన్‌లో కిమురా, ఆయన సహచరులు ఇంకా వివరంగా రాశారు. పేరు రెండోవారికి దక్కింది. వైద్యశాస్త్రంలో ఇది కొత్తేమీ కాదు. ముందు చూసినవారికన్నా ఎక్కువమంది చదివే భాషలో, చోట రాసినవారి పేరే నిలుస్తుంది.

ఈ వ్యాధి తూర్పు ఆసియా దేశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మన దేశంలో వైద్య పత్రికల్లో అడపాదడపా ఒకటి రెండు కేసుల నివేదికలుగా వస్తుంటుంది. ఎక్కువమంది రోగులు 20 నుంచి 40 ఏళ్ల లోపు పురుషులు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఈ మూడు వాక్యాలను రోగికి, అతడి తల్లికి మీరు చెప్పగలగాలి. కాని నిర్ధారణ అయిన తరవాతే చెప్పాలి, ముందు కాదు.

వాపు లోపల ఏం జరుగుతుంది? అలర్జీల్లో, పురుగుల వ్యాధుల్లో పనిచేసే టి-సహాయక కణాల్లో ఒక తరగతి ఇక్కడ కారణం లేకుండానే అతిగా పనిచేస్తుంది. ఆ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-5 అనే పదార్థం ఎముక మజ్జలో ఇయోసినోఫిల్స్ ఉత్పత్తిని పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4 బి-కణాలను ఐజీ-ఇ అనే ప్రతిదేహాన్ని తయారుచేసేలా మళ్లిస్తుంది. ఫలితంగా రక్తంలో రెండూ పెరుగుతాయి, కణజాలంలోకి ఇయోసినోఫిల్స్ గుంపులుగా చేరతాయి. ఈ క్రమం దేనివల్ల మొదలవుతుందో శాస్త్రవేత్తలు ఇంతవరకు తేల్చలేదు. గుర్తుంచుకోదగ్గ విషయం ఒకటుంది: ఐజీ-ఇని కనుక్కొన్నది 1966–67 ప్రాంతంలో. అంటే కిమురా రాసేనాటికి ఆ పేరే లేదు. సూక్ష్మదర్శినిలో ఇయోసినోఫిల్స్‌ను చూసే ఆయన వ్యాధిని పట్టుకొన్నారు. ఇప్పటికీ తుది తీర్పు సూక్ష్మదర్శినిదే.

7.5 రక్తపరీక్ష: శాతం ఒకటి, సంఖ్య మరొకటి

1879లో జర్మనీలో పాల్ ఎర్లిక్ రక్తపు పూతకు రంగులు వేసి చూస్తూ, ఇయోసిన్ రంగును పట్టి ఎర్రగా మెరిసే రేణువులున్న తెల్లకణాలను గుర్తించాడు. వాటికి ఇయోసినోఫిల్స్ అని పేరు వచ్చింది. ప్రయోగశాలలో మీరు ఇప్పటికీ అదే జాతి రంగు వాడుతున్నారు.

నివేదికలో వీటిని శాతంగా రాస్తారు. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. మొత్తం తెల్లకణాల సంఖ్యను శాతంతో గుణించి 100తో భాగిస్తే అసలు సంఖ్య వస్తుంది. మన ఉదాహరణలోని రోగికి మొత్తం తెల్లకణాలు 11,200, ఇయోసినోఫిల్స్ 31 శాతం అనుకొందాం. 11,200 × 31 ÷ 100 = 3,472. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువ అంటాం, 1,500 దాటితే బాగా ఎక్కువ. ఇక ఇంకో మనిషికి తెల్లకణాలు 4,000, ఇయోసినోఫిల్స్ 8 శాతం. శాతం చూసి ఎక్కువే అనిపిస్తుంది. లెక్క వేస్తే 320, మామూలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక రోగికి తెల్లకణాలు 9,500, ఇయోసినోఫిల్స్ 6 శాతం. ఇది ఎక్కువా, కాదా? (ముందు లెక్క వేసి, తరవాత కింది పేరా చదవండి.)

జవాబు 570. గీత దాటింది, కాని కొద్దిగానే. ఇలాంటి కొద్దిపాటి పెరుగుదలకు మన ప్రాంతంలో వంద కారణాలుంటాయి: నులిపురుగులు, కొంకిపురుగులు, ఉబ్బసం, గజ్జి, ఏదో మందు పడకపోవడం, ఫైలేరియా. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే మనిషికి కొంకిపురుగుల వల్లనే సంఖ్య వేలల్లోకి పోవచ్చు. కాబట్టి "మెడలో వాపు ఉంది, ఇయోసినోఫిల్స్ ఎక్కువ, అందువల్ల కిమురా" అని వాదించడం తప్పు. మెడలో క్షయ, కడుపులో పురుగులు ఒకే మనిషికి ఉండటం అరుదేమీ కాదు. మల పరీక్ష చేయాలి. పురుగులుంటే మందిచ్చి, కొన్ని వారాల తరవాత సంఖ్య మళ్లీ చూడాలి. పురుగులు పోయినా సంఖ్య దిగకపోతే, వాపు అలాగే ఉంటే, అనుమానం బలపడుతుంది.

దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఉంది. స్టెరాయిడ్ పడిన కొద్ది గంటల్లోనే రక్తంలో ఇయోసినోఫిల్స్ పడిపోతాయి. నిన్న సూది వేయించుకొన్న వ్యక్తి రక్తం ఇవాళ తీస్తే సంఖ్య మామూలుగా కనిపించవచ్చు. రక్తం తీసేముందు మందుల గురించి అడిగి, నివేదిక పక్కన రాయడం ప్రయోగశాల సహాయకుల బాధ్యత కూడా.

రక్తంలో మొత్తం ఐజీ-ఇ పరీక్ష చిన్న ఊళ్లలో దొరకదు, నమూనాను బయటికి పంపుతారు. కిమురా వ్యాధిలో అది మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉండవచ్చు. కాని పురుగుల్లో, ఉబ్బసంలో కూడా పెరుగుతుంది. నిర్ధారణకన్నా, చికిత్స తరవాత వ్యాధి ఎటు పోతోందో చూడటానికే ఇది ఎక్కువ పనికొస్తుంది.

7.6 సూది పరీక్ష, ముక్క పరీక్ష

అల్ట్రాసౌండ్, అవసరమైతే సీటీ లేదా ఎంఆర్ఐ వాపు ఎంత లోతుకు ఉందో, గ్రంథిలో ఉందా కణుపుల్లో ఉందా అన్నది చూపిస్తాయి. వ్యాధి పేరు చెప్పవు. పేరు కోసం కణాలు చూడాలి.

మొదటి మెట్టు సన్నసూది పరీక్ష, అంటే ఎఫ్.ఎన్.ఏ.సి. మామూలు సూదితో వాపులోంచి కొన్ని కణాలు పీల్చి గాజుపలక మీద పూస్తారు. కోత లేదు, కుట్టు లేదు. క్షయ ఉంటే ఇది చాలాసార్లు పట్టిచ్చేస్తుంది: గ్రాన్యులోమాలు, జున్నులా విరిగిన మృతకణజాలం కనిపిస్తాయి. పీల్చిన ద్రవంలో కొంత భాగాన్ని సీబీ-నాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు పంపితే క్షయ బాక్టీరియా ఉందో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో తెలుస్తుంది. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ఉచితం. ఇంత అందుబాటులో ఉన్నప్పుడు ఏ పరీక్షా లేకుండా "టీబీయే కావచ్చు" అని ఆరు నెలల మందులు మొదలుపెట్టడానికి మా దృష్టిలో సాకు లేదు.

కిమురా వాపులో సూది పరీక్ష చేస్తే లింఫోసైట్ల మధ్య ఇయోసినోఫిల్స్ విస్తారంగా కనిపిస్తాయి. రోగవిజ్ఞాన వైద్యులకు అనుమానం వస్తుంది. కాని అనుమానం దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే హాడ్జ్‌కిన్ లింఫోమాలో కూడా ఇయోసినోఫిల్స్ గుంపులుగా ఉంటాయి, వాటి మధ్య అసలు క్యాన్సర్ కణాలు చాలా తక్కువ. సూది కొనకు అవి చిక్కకపోతే? అందువల్ల కణాలు విడివిడిగా కాక, కణజాలం అమరిక మొత్తం కనిపించేలా ముక్క తీయాలి. వీలైతే ఒక కణుపును పూర్తిగా తీయడం మేలు. అది మెడలో అనుకూలమైన చోట ఉంటే సులభం. పెరోటిడ్ గ్రంథిలో ఉంటే ముఖనాడిని తెలిసిన చెవి-ముక్కు-గొంతు శస్త్రవైద్యులే చేయాలి. బేతంచెర్లవారికి నంద్యాల, కర్నూలు రెండూ చేరువే. కర్నూలు వైద్య కళాశాల 1957 నుంచి ఉంది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది.

తీసిన ముక్క పాడయ్యేది ఎక్కువగా ఆపరేషన్ గదికీ ప్రయోగశాలకూ మధ్యనే. అందువల్ల ఈ విషయం దగ్గర కాస్త ఆగుదాం. ముక్కను రెండు భాగాలు చేయాలి. ఒక భాగం 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ద్రవం ముక్కకు కనీసం పదింతలు ఉండాలి. పెద్ద కణుపును కోయకుండా చిన్న సీసాలో కుక్కితే ఫార్మలిన్ లోపలికి చేరేలోగా నడిమి భాగం కుళ్లిపోతుంది. రెండో భాగం నార్మల్ సెలైన్‌లో వేయాలి, ఫార్మలిన్‌లో కాదు. ఫార్మలిన్ క్షయ బాక్టీరియాను చంపేస్తుంది. చచ్చిన బాక్టీరియాను కల్చర్ చేయలేం. మొత్తం ముక్కను అలవాటుకొద్దీ ఫార్మలిన్‌లో పడేస్తే క్షయ కల్చర్‌కు ఉన్న అవకాశం అక్కడితో పోయింది. మళ్లీ కోయాలి, మళ్లీ కుట్టాలి. కూలి పని మానుకొని వచ్చిన మనిషిని రెండోసారి పిలిస్తే వస్తాడన్న నమ్మకం లేదు. సీసా మీద పేరు, తేదీ, ఏ వైపు, ఏ చోట అన్నవి రాయండి. పంపే చీటీలో ఇయోసినోఫిల్ సంఖ్య, ఇదివరకు వాడిన స్టెరాయిడ్ వివరం తప్పక రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే పలకను చూసే వైద్యుడు సగం కథతో తీర్పు చెప్పవలసి వస్తుంది.

కిమురా వ్యాధి ముక్కలో కనిపించేది ఇది: శోషరస పుటికలు పెద్దవై ఉంటాయి, వాటి మధ్యభాగాలు చురుగ్గా ఉంటాయి. చుట్టూ ఇయోసినోఫిల్స్ కిక్కిరిసి, కొన్నిచోట్ల పేరుకొని సూక్ష్మమైన చీముగడ్డల్లా కనిపిస్తాయి. పలచని గోడలున్న సన్నని రక్తనాళాలు ఎక్కువగా పుట్టుకొస్తాయి. పాతబడ్డ వాపులో నారకణజాలం పెరిగి గట్టిపడుతుంది. క్యాన్సర్ కణాలు ఉండవు, క్షయ గుర్తులు ఉండవు.

7.7 పొరబడే అవకాశం ఉన్న ఇతర వ్యాధులు

ఇయోసినోఫిల్స్‌తో కూడిన ఆంజియోలింఫాయిడ్ హైపర్‌ప్లాసియా అనే మరో వ్యాధి ఉంది. 1969లో వెల్స్, విమ్‌స్టర్ దాన్ని వర్ణించినప్పుడు కిమురా వ్యాధికి అది ముదిరిన దశ అనుకొన్నారు. చాలా ఏళ్లు రెండింటినీ ఒకటిగానే చూశారు. ఇప్పుడు వేరువేరుగా చూస్తున్నారు: దానిలో చెవి చుట్టూ చర్మం పైనే చిన్న ఎర్రని బుడిపెలు వస్తాయి, రక్తనాళాల లోపలి కణాలు ఉబ్బి కనిపిస్తాయి, ఐజీ-ఇ సాధారణంగా పెరగదు. ఇక 1972లో జపాన్‌లోనే గుర్తించిన కికుచి వ్యాధి పేరు వినడానికి దగ్గరగా ఉన్నా స్వభావం వేరు. అది జ్వరంతో, ముట్టుకొంటే నొప్పిగా ఉండే మెడ కణుపులతో ఎక్కువగా యువతుల్లో వస్తుంది. కొన్ని నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. పరీక్షల్లో విద్యార్థులు ఈ రెండు పేర్లను తారుమారు చేస్తుంటారు.

7.8 మూత్రపిండాలు

మెడలో వాపుకూ మూత్రానికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. కిమురా వ్యాధి ఉన్నవారిలో నూటికి పది నుంచి ఇరవై మందికి మూత్రంలో ప్రోటీన్ పోతుంది. వారిలో చాలామందికి అది నెఫ్రోటిక్ సిండ్రోమ్ స్థాయికి, అంటే పెద్దవారిలో రోజుకు 3.5 గ్రాములు దాటేదాకా పోతుంది. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, సాయంకాలానికి పాదాల్లో నీరు, మూత్రంలో నురగ కనిపిస్తాయి. ఇది మెడ వాపుకు ముందే రావచ్చు, ఏళ్ల తరవాత రావచ్చు.

మెడ వాపు ప్రాణం తీయదు. నిర్లక్ష్యం చేస్తే మూత్రపిండాలకే హాని. అయినా రోగి, వైద్యుడు ఇద్దరూ కంటికి కనిపించే గడ్డనే చూస్తూ ఉంటారు. మూత్రంలో ముంచే పట్టీ ధర చాలా తక్కువ, ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చేయవచ్చు. నిర్ధారణ నాడు ఒకసారి, తరవాత వచ్చిన ప్రతిసారీ చేయాలి. పట్టీలో ప్రోటీన్ కనిపిస్తే రక్తంలో క్రియాటినిన్, ఆల్బుమిన్ చూసి మూత్రపిండాల వైద్యుల దగ్గరికి పంపాలి.

7.9 చికిత్స

వాపు చిన్నది, ఇబ్బంది లేదు, మూత్రపిండాలు బాగున్నాయి: అలాంటప్పుడు ఏమీ చేయకుండా కనిపెట్టుకొని ఉండటం కూడా చికిత్సే. ఈ మాట మన రోగులకు రుచించదు. ఇంత దూరం వచ్చి, ఇన్ని పరీక్షలు చేయించుకొని మందు లేదంటే మనసు ఒప్పదు. ఎందుకు ఇవ్వడంలేదో కూర్చోబెట్టి చెప్పకపోతే రోగి తిరుగుదారిలోనే మరో చోట సూది వేయించుకొంటాడు.

ఒకేచోట ఉండి, తీయడానికి వీలైన వాపును శస్త్రచికిత్సతో తీస్తారు. బయాప్సీ, చికిత్స ఒకేసారి అయిపోతాయి. చిక్కల్లా, ఈ వాపుకు సరైన అంచు ఉండదు. పెరోటిడ్ గ్రంథి మధ్యలోంచి ముఖనాడి పోతుంది; అది దెబ్బతింటే ఆ పక్క కన్ను మూతపడదు, మూతి వంకర పోతుంది. ప్రాణహాని లేని వాపు కోసం ఆ నాడిని బలిపెట్టకూడదు. తీసిన తరవాత కూడా కొందరిలో అదే చోట మళ్లీ వస్తుంది. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉంచాలి.

స్టెరాయిడ్లకు కిమురా వాపు బాగా లొంగుతుంది. ప్రెడ్నిసలోన్ మాత్రలు సాధారణంగా శరీర బరువు కిలోకు అర నుంచి ఒక మిల్లీగ్రాము లెక్కన మొదలుపెట్టి, వారాల మీద మెల్లమెల్లగా తగ్గిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఇవి తప్పనిసరి అవుతాయి. తగ్గించేటప్పుడో ఆపినాకో వాపు తిరిగి రావడం సాధారణం.

ఇక్కడ మన ఉదాహరణలోని రోగిని మళ్లీ తలచుకోండి. మొదటిచోట వేసిన సూదిలో స్టెరాయిడ్ ఉంటే, వ్యాధికి పనిచేసే మందే వేశారు కదా, తప్పేముంది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ సూది వేసిన నాటికి అది కిమురానో, క్షయో, లింఫోమానో తెలియదు. క్షయ అయివుంటే స్టెరాయిడ్ శరీర రక్షణను తగ్గించి బాక్టీరియాకు దారి ఇచ్చేది. లింఫోమా అయివుంటే క్యాన్సర్ కణాలు తాత్కాలికంగా చచ్చి, గడ్డ కరిగి, బయాప్సీలో ఏమీ కనిపించక నెలలు వృథా అయ్యేవి. తిరిగి వచ్చేనాటికి వ్యాధి ముదిరేది. పేగుల్లో స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు ఉంటే స్టెరాయిడ్ వల్ల అది ఒంటినిండా పాకి ప్రాణం మీదికి వచ్చేది. మూడింట్లోనూ మొదటి వారం ఒకేలా కనిపిస్తుంది: వాపు తగ్గుతుంది, రోగి దండం పెడతాడు. మందు పనిచేసినట్టు కనిపించడం వేరు, నిర్ధారణ సరైనది కావడం వేరు.

అందువల్ల స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు ముక్క నివేదిక చేతికి రావాలి, క్షయ లేదని తేలాలి, మల పరీక్ష జరగాలి లేదా పురుగుల మందు పడాలి, రక్తపోటు, చక్కెర చూసి రాయాలి. మొదలుపెట్టిన తరవాత రోగికి గట్టిగా చెప్పవలసింది ఒకటే: వాపు తగ్గిందని మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. వారాల తరబడి స్టెరాయిడ్ వాడిన శరీరం సొంత హార్మోను తయారీని తగ్గించుకొంటుంది. హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వస్తాయి.

స్టెరాయిడ్లకు లొంగనివారికి, ఆపలేనివారికి సైక్లోస్పోరిన్ వంటి రక్షణవ్యవస్థను అణచే మందులు వాడతారు. పదేపదే తిరిగివచ్చే వాపులకు 20 నుంచి 30 గ్రేల రేడియేషన్ పనిచేస్తుంది. కాని 26 ఏళ్ల మనిషి మెడకు రేడియేషన్ ఇవ్వడమంటే ముందున్న ముప్పై నలభై ఏళ్లలో రాగల దుష్ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ మధ్యకాలంలో ఐజీ-ఇని పట్టుకొనే ఒమలిజుమాబ్, ఇంటర్‌ల్యూకిన్-4 పనిని అడ్డుకొనే డుపిలుమాబ్ అనే సూదిమందులతో మేలు కలిగిందని విడివిడి కేసుల నివేదికలు వచ్చాయి. వాటి ధర పాలిష్ ఫ్యాక్టరీ కూలికి అందేది కాదు.

7.10 రోగి తిరిగి ఊరికి వచ్చిన తరవాత

మన ఊహలోని రోగికి కర్నూలులో కణుపు తీశారు. క్షయ లేదు, లింఫోమా లేదు, ముక్కలో కిమురా లక్షణాలున్నాయి. మూత్రంలో ప్రోటీన్ లేదు. మల పరీక్షలో కొంకిపురుగులు ఉంటే మందిచ్చారు. వాపు ముఖనాడి పక్కనే ఉండటంతో పూర్తిగా తీయకుండా స్టెరాయిడ్ కోర్సు ఇచ్చి పంపారు.

ఇప్పటి నుంచి అతడిని చూడవలసింది పెద్దాసుపత్రి కాదు, మీరు. మొదటి నెలల్లో రెండు వారాలకొకసారి రక్తపోటు, చక్కెర, మూత్రం చూడండి. మాత్ర ఎంత తగ్గించారో చీటీతో సరిపోల్చండి. దగ్గు, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా కళ్లె పరీక్షకు పంపండి. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి, అందులోనూ దుమ్ములో పనిచేసేవాడికి, క్షయ భయం తీరిపోలేదు. కోర్సు అయ్యాక మూడు నెలలకొకసారి ఇయోసినోఫిల్ సంఖ్య, మూత్రం సరిపోతాయి. వాపు కొలతను "తగ్గింది", "పెరిగింది" అని కాక టేపుతో సెంటీమీటర్లలో రాయండి. వీలైతే రోగి ఫోనులోనే ఒకే వైపు నుంచి, ఒకే వెలుతురులో ఫోటో తీయించండి.

తల్లి అడుగుతుంది: "మళ్లీ వస్తుందా నాయనా?" రావచ్చని చెప్పండి. వస్తే ఎక్కడికి పోవాలో, ఏ సూది వేయించుకోకూడదో చెప్పండి. క్యాన్సర్ కాదని, అంటదని, పెళ్లికి, పిల్లలకు అడ్డు కాదని కూడా ఇప్పుడు చెప్పవచ్చు. బయాప్సీ నివేదిక నకలు ఒకటి రోగి దగ్గర, ఒకటి మీ ఫైలులో ఉంచండి. ఐదేళ్ల తరవాత వాపు తిరిగివస్తే, అప్పుడు ఆ కుర్చీలో మీరు ఉండకపోవచ్చు. ఆ కాగితం ఉంటే కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి సూది నుంచి మొదలుపెట్టరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: స్టెరాయిడ్ ఆపిన రెండు నెలలకు ఈ రోగి పాదాల వాపుతో వచ్చాడు. మెడ వాపు పెరగలేదు. మీరు మొదట చేసే పరీక్ష ఏది? దాని ఫలితాన్ని బట్టి ఎవరి దగ్గరికి, ఏయే కాగితాలతో పంపుతారు? పది పంక్తుల్లో రాయండి.